గొట్టమే కాదు, గోడ కూడా చూడాలి

చిన్నపిల్లలకు బీపీ ఏంటి అనుకుంటాం. అందుకే చాలాచోట్ల వాళ్లకి బీపీ చూడనే చూడరు. మొన్న నా దగ్గరికి కిడ్నీ రక్తనాళాల్లో పారుదల చూసే డాప్లర్ స్కాన్‌కి వచ్చిన పాపకు ఎప్పటినుంచో తలనొప్పి. కళ్లజోడు పెట్టినా తగ్గలేదు. చివరికి ఓ పిల్లల డాక్టరు గారు బీపీ చూస్తే 170/110.

ఎడమ కిడ్నీకి వెళ్లే ధమని మొదట్లోనే సన్నబడింది. అంతవరకే రాసి రిపోర్టు ఇచ్చేయొచ్చు. కానీ పక్కనే అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) గోడ దళసరిగా కనిపించింది. ప్రోబ్ (ఒంటి మీద పెట్టి స్కాన్ చేసే పరికరం) తీసి మెడ మీద పెట్టాను. "మేడమ్, కిడ్నీ స్కాన్ కదా రాశారు, మెడకెందుకు?" అని వాళ్లమ్మకి టెన్షన్. ఆ వయసులో కెరోటిడ్ (మెడలోని ధమని) గోడ సన్న గీతలా ఉండాలి. ఈ పాపకి చుట్టూతా ఒకే తీరున వాచి ఉంది. లోపల రక్తం మాత్రం బాగానే పారుతోంది! రెండు చేతులకీ బీపీ చూపిస్తే 20కి పైగా తేడా. 10 దాటినా అనుమానించాల్సిందే.

పెద్ద ధమనుల గోడలు వాచే ఈ జబ్బుని టకయాసు ఆర్టరైటిస్ అంటారు. 1908లో మికితో టకయాసు అనే జపాన్ కంటి డాక్టరు ఒక యువతి రెటీనా రక్తనాళాల్లో మార్పులు చూసి దీని గురించి చెప్పారు. జబ్బు అరుదే. కానీ మన దేశంలో కిడ్నీ ధమని సన్నబడి బీపీ వచ్చే పిల్లల్లో ముఖ్య కారణం ఇదే. జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపుని సూచించే రక్తపరీక్ష) పెరగడం చూస్తే మనకు ముందు తట్టేది టీబీ. అక్కడే నెలలు గడిచిపోతాయి. ఈఎస్ఆర్ మామూలుగా ఉన్నా జబ్బు లేదనుకోకూడదు.

మామూలు యాంజియోగ్రామ్ రక్తం పారే దారినే చూపిస్తుంది. వాపు మొదలయ్యేది గోడలో. అందుకే పిల్లలకి నేను ఎమ్ఆర్ఐ అడుగుతాను. గోడ కనిపిస్తుంది, రేడియేషన్ ఉండదు, మళ్లీ మళ్లీ తీయొచ్చు. కదలకుండా చాలాసేపు పడుకోవాలి, చిన్నవాళ్లకి మత్తు ఇవ్వాలి, అదొక్కటే ఇబ్బంది. సీటీ త్వరగా అయిపోతుంది కానీ ప్రతిసారీ రేడియేషనే.

పాపకి స్టెరాయిడ్లు, బీపీ మందులు మొదలయ్యాయి. సన్నబడిన ధమనిని బెలూన్‌తో వెడల్పు చేయాలా వద్దా అన్నది వాపు తగ్గాక, తర్వాతి ఎమ్ఆర్ఐ చూసి తేలుస్తారు. పిల్లల్ని స్కాన్‌కి పంపే డాక్టర్లకు నాదొక్కటే మనవి: చీటీ మీద రెండు చేతులు, రెండు కాళ్ల బీపీ రాసి పంపండి. ప్రోబ్ ఎక్కడెక్కడ పెట్టాలో మాకు ముందే తెలుస్తుంది.