తూర్పు ఉగాండాలో నాలుగు వారాలు

పిల్లల వైద్యంలో రెసిడెంట్‌గా మూడో ఏట ఉండగా, ఎలెక్టివ్ (శిక్షణలో భాగంగా మనమే ఎంచుకున్న చోట కొన్ని వారాలు పనిచేయడం) కోసం తూర్పు ఉగాండాలోని ఒక జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ రోగికి వైద్యం చేయాలంటే ఆ దేశపు వైద్య మండలి తాత్కాలిక అనుమతి కావాలి కాబట్టి, ఆ కాగితాల పని బయలుదేరకముందే ముగించుకున్నాను.

వర్షాలు మొదలై మలేరియా పెరిగిన రోజులవి. వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలున్నారు. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం, ఉన్న ఒక్క ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌ను గొట్టాలతో నలుగురికి పంచారు, కరెంటు పోతే నలుగురికీ ఒకేసారి ఆగిపోయేది.

రెండో రాత్రి మూడేళ్ల పాపను తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎరుపెక్కడానికి మూడు సెకన్లు దాటుతోంది. నాకు తెలిసిన లెక్కలో అది షాక్, అంటే ఒంటికి రక్తప్రసరణ చాలని ప్రమాద స్థితి. కిలోకు 20 మిల్లీలీటర్ల సెలైన్ వేగంగా ఎక్కించాలి. నేను సీసా అందుకోగానే, డాక్టర్ కాకపోయినా డిప్లొమా చదువుతోనే ఆ వార్డును నడిపిస్తున్న క్లినికల్ ఆఫీసర్ "కాస్త ఆగండి డాక్టర్ గారూ, ముందు హిమోగ్లోబిన్ చూద్దాం" అన్నారు.

ఆయన ఎందుకు ఆపారో నాకు తెలిసి ఉండవలసింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనంలో, అలా సెలైన్ ఎక్కించినవారిలో 48 గంటల్లోపు మరణాలు 10.5 శాతం కాగా, ఎక్కించనివారిలో 7.3 శాతమే. విరేచనాలతో నీరసించిన పిల్లలను అందులో చేర్చలేదు. వారి సంగతి వేరు. ఇదంతా నేను పరీక్ష కోసం చదివినదే, అయినా సీసా పట్టుకున్నప్పుడు గుర్తురాలేదు.

పాప హిమోగ్లోబిన్ నాలుగు కూడా లేదు, అంటే ఒంట్లో రక్తం చాలా తక్కువ, మలేరియా పరీక్ష పాజిటివ్. మలేరియా మందు ఆర్టిసునేట్ వెంటనే ఇచ్చాం, రక్తం కోసం రెండు గంటలు ఎదురుచూశాం. తెల్లవారేసరికి కళ్లు తెరిచి తల్లిని వెతుక్కుంది.

ఆ తర్వాత నా పని మారింది. బరువులు తూచడం, మోతాదులు కట్టడం, డ్రిప్ చుక్కలు లెక్కపెట్టడం నావయ్యాయి. నిజం చెప్పాలంటే మా ఆసుపత్రిలో ఉన్నప్పుడు వీటిని నర్సులకు వదిలేసేవాణ్ణి.

వెళ్లే రోజున ఆసుపత్రికి ఏం పంపమంటారని క్లినికల్ ఆఫీసర్‌ను అడిగాను. "వచ్చేవారిని మూడు నెలలు ఉండేలా పంపండి. మీకు నేర్పడానికే మాకు రెండు వారాలు పట్టింది" అన్నారు. మా విభాగానికి ఇచ్చిన నివేదికలో మొదటి వాక్యంగా అదే రాశాను.