నాన్న లైఫ్ సర్టిఫికెట్, మధ్యలో దౌత్యం

నాన్నగారు రైల్వేలో రిటైరై, అమ్మ పోయాక నా దగ్గరికి కెనడా వచ్చేశారు. ఏటా నవంబరు వస్తే చాలు, ఆయనకు ఒకటే టెన్షన్. బతికే ఉన్నానని చూపే లైఫ్ సర్టిఫికెట్ నెలాఖరులోగా ఇండియాలో బ్యాంకుకు అందకపోతే డిసెంబరు నుంచి పెన్షన్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఇచ్చినా బకాయిలతో సహా వేస్తారని ఎంత చెప్పినా వినరు. "ఒకసారి ఆగిందంటే మళ్లీ కదిలించడం ఎంత పనో నాకు తెలుసు" అంటారు. జీవితమంతా కౌంటరుకు అవతలి పక్క కూర్చున్న మనిషి, తెలియకుండా ఎలా ఉంటుంది!

టొరంటో చుట్టుపక్కల ఉండే మాలాంటి వాళ్ల కోసం భారత కాన్సులేట్ వాళ్లు నవంబరులో గుళ్లలో, హాళ్లలో క్యాంపులు పెడతారు. పాస్‌పోర్టు, పీపీఓ నంబరు (పెన్షన్ మంజూరు పత్రం మీది నంబరు) పట్టుకెళ్తే అధికారి మనిషిని చూసి, సంతకం చేసి, సీలు వేసి ఇస్తారు. 2024లోనూ అలాగే మొదలైంది. నవంబరు 3, ఆదివారం నాడు బ్రాంప్టన్‌లోని హిందూ సభ గుడిలో క్యాంపు జరుగుతుండగా ప్రత్యేక సిక్కు దేశం కోరే ఖలిస్తాన్ జెండాలతో వచ్చినవాళ్లకు, గుడి దగ్గరున్నవాళ్లకు మధ్య కొట్లాట జరిగింది. జెండా కర్రలతో కొట్టుకుంటున్న వీడియోలు ప్రపంచమంతా చూసింది. మర్నాడు ప్రధాని మోదీ ఖండించారు. ఇంత గొడవలోనూ వెయ్యికి పైగా లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చామని ఒట్టావాలోని భారత హైకమిషన్ ప్రకటించింది. మేం తర్వాతి క్యాంపుకి వెళ్దామనుకున్నాం. నవంబరు 7న, భద్రతా సంస్థలు కనీస రక్షణ కూడా ఇవ్వలేమన్నాయి కాబట్టి కొన్ని క్యాంపులు రద్దు చేస్తున్నామని కాన్సులేట్ ప్రకటించింది. రద్దయినవాటిలో మాదీ ఉంది.

రక్షణ ఇవ్వాల్సింది కెనడా, అందులో నాకు వేరే మాట లేదు. కాన్సులర్ సంబంధాలపై 1963 వియన్నా ఒప్పందమే కాన్సులర్ అధికారుల మీద దాడి జరగకుండా చూసే బాధ్యతను ఆతిథ్య దేశం మీద పెట్టింది. పాపం, ఆ అధికారులు కూడా ప్రాణాలు అరచేత పెట్టుకుని ఎందుకు కూర్చోవాలి? నా కోపం ఢిల్లీ తీరు మీద. 2023 మార్చి 19న లండన్‌లో మన హైకమిషన్ మీది జెండాను ఖలిస్తాన్ మద్దతుదారులు లాగేస్తే, ఆ రాత్రే ఢిల్లీలోని బ్రిటిష్ దౌత్యాధికారిని పిలిపించి నిలదీశారు. మూడు రోజులకు చాణక్యపురిలోని బ్రిటిష్ హైకమిషన్ ముందున్న బారికేడ్లు తీసేశారు. చూడ్డానికి బాగానే ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలో ఖలిస్తాన్ నాయకుడు నిజ్జర్ హత్య గొడవ ముదిరాక కెనడియన్లకు వీసాలు ఆపేశారు. దెబ్బ ఎవరికి తగిలింది? కెనడా పాస్‌పోర్టు తీసుకుని, వీసా లేకుండా ఇండియా రానిచ్చే ఓసీఐ కార్డు ఇంకా చేయించుకోని మనవాళ్లకే ఎక్కువగా తగిలింది. 2024 అక్టోబరులో రెండు దేశాలూ ఆరుగురేసి దౌత్యవేత్తలను సాగనంపుకున్నాయి. ప్రతి అడుగూ అవతలి ప్రభుత్వానికి చురక అంటించడానికే. మన పెద్దాయన కాగితం సంగతి ఏమిటని ఆ గదుల్లో ఒక్కరైనా అడిగారా అని నా అనుమానం. నాకు కనిపించిన రద్దు ప్రకటనలో "బదులుగా ఇలా చేయండి" అన్న ముక్క లేదు. తీరా చూస్తే జవాబు మన సర్కారు నిబంధనల్లోనే ఉంది.

అది తెలియడానికి కొంత తిప్పలు పడ్డాం. ముందు ఫోన్లో ప్రయత్నించాం. జీవన్ ప్రమాణ్ అని 2014లో మొదలుపెట్టిన డిజిటల్ పద్ధతి ఉంది, 2021 నుంచి ముఖం చూపించి కూడా చేయొచ్చు. ఆధార్ ఉంటే అది నిజంగా సులువు. కెమెరా ముందు కళ్లు ఆర్పమంటుంది. కంటి ఆపరేషన్ అయిన నాన్నగారు ఆర్పితే మూసినట్టే ఉంటుంది, తెరిస్తే గుడ్లురిమినట్టు ఉంటుంది. మాకు కుదరలేదు.

అప్పుడు కేంద్ర పెన్షన్ నిబంధనలు వెతికి చదివాను. విదేశంలో ఉండే పెన్షనరు స్వయంగా బ్యాంకుకు రానక్కర్లేదు. భారత దౌత్యాధికారి గానీ, నోటరీ గానీ, మేజిస్ట్రేటు గానీ, బ్యాంకు అధికారి గానీ సంతకం చేసిన సర్టిఫికెట్‌ను ఆయన తరఫున అధికారం ఉన్న మనిషి తీసుకెళ్లి ఇస్తే చాలు. ఇంతకీ కాన్సులేట్ ఆ నాలుగు దారుల్లో ఒకటి మాత్రమే!

ఫారం ప్రింటు తీసుకుని ఇంటి దగ్గరి నోటరీకి చూపించాం. "ఈయన బతికే ఉన్నారని నేను రాసివ్వాలా?" అని ఆయన నవ్వారు. పాస్‌పోర్టు చూసి, నాన్నగారి చేత ఎదురుగా సంతకం పెట్టించి, ఉబ్బెత్తు సీలు నొక్కి ఇచ్చారు. నాన్నగారి తరఫున ఇండియాలో బ్యాంకుకు వెళ్లే బాబాయ్‌కి స్కాన్ పంపగానే ఫోన్ చేశాడు. "సీలేదిరా? బ్యాంకువాళ్లు కాగితం తిప్పి తిప్పి చూస్తున్నారు." సిరా లేని సీలు స్కాన్‌లో ఎక్కడ కనిపిస్తుంది! మళ్లీ వెళ్తే నోటరీయే దాని మీద పెన్సిల్‌తో లేతగా రుద్దారు. అక్షరాలు తేలాయి.

బ్యాంకులో ఇంకో మెలిక. ఎంబసీ ముద్ర లేకపోతే కుదరదన్నారట. బాబాయ్ ఆ నిబంధన ప్రింటు మేనేజరు ముందు పెట్టి, "నోటరీ" అన్న చోట వేలు పెట్టి చదివించాడు. అసలు కాగితం కొరియర్‌లో చేరాక తీసుకున్నారు. డిసెంబరు పెన్షన్ పడింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పని ఉంటే, ఫారం మీద పీపీఓ నంబరు, ఖాతా నంబరు ముందే నింపుకోండి. నోటరీ దగ్గర సిరా ముద్ర కూడా ఉంటే రెండూ వేయించుకోండి. ఎనభై దాటినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. నాన్నగారికి ఇంకా ఆ వయసు రాలేదు, ఆ ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడెప్పుడు వస్తుందా అని చూస్తున్నారు.