పిల్లలతో బీచ్‌కి వెళ్లే ముందు

ముందుగా బట్టల రంగు చూడండి. నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి. కళ్లు జిగేల్‌మనే నారింజ, గులాబీ రంగులైతే ఎంత గుంపులోనైనా పిల్లలు కనిపిస్తారు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. ఎండలోకి దిగడానికి పావుగంట ముందే రాయాలి, 2 గంటలకోసారి మళ్లీ. చెవుల వెనక, పాదాల పైన రాయడం మర్చిపోతాం, కమిలేది అక్కడే. 6 నెలల లోపు పసివాళ్లను నీడలోనే ఉంచండి.

అలల మధ్య ఒక్కచోట నీళ్లు నిమ్మళంగా, కాస్త ముదురుగా కనిపిస్తే అక్కడ దింపొద్దు. ఒడ్డుకొచ్చిన నీరు లోపలికి లాక్కుపోయే దారి చాలాసార్లు అదే. పిల్లలకు అనువైన చోటులా కనబడుతుంది, అసలు భయం అందుకే. మోకాలి లోతైనా సరే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండండి. అల వెనక్కి పోతూ మడమల కింది ఇసుకను తోడేస్తుంది, పిల్లలు వెల్లకిలా పడిపోతారు.

ఇసుకలో గొయ్యి మోకాలి లోతు దాటనివ్వకండి. అంచులు ఉన్నట్టుండి విరిగిపడతాయి.

ఇంటికి బయల్దేరేటప్పుడు తడి కాళ్లను తువ్వాలుతో రుద్దకండి, చర్మం గీసుకుపోతుంది. ఆరనిచ్చి, గుప్పెడు కార్న్‌ఫ్లోర్ పట్టించి దులిపితే వేళ్ల సందుల్లోని ఇసుక కూడా జలజలా రాలిపోతుంది.