అడగకుండానే తెలిసిపోయే సీరియల్ నంబర్

మా ఆఫీసులో క్రోమ్‌బుక్‌లన్నీ (గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు) చూసుకునేది నేనే. ఏదైనా పాడైతే రిపేర్ యాప్ తెరిచి, ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ టైప్ చేయాలి. అరిగిపోయిన స్టిక్కర్ మీద 8 ఏదో, బి ఏదో తెలియదు. ఒకావిడ కంప్లైంట్ అలాగే ఇంకొకరి ల్యాప్‌టాప్ మీద నమోదైంది. ఆవిడ పగిలిన స్క్రీన్‌తోనే మూడు రోజులు నెట్టుకొచ్చింది. నాకు చాలా బాధేసింది.

ఆ నంబర్‌ని యాప్ తనంతట తనే చదువుకునే వీలు క్రోమ్‌ఓఎస్‌లో ఉంది. సీరియల్ నంబరే కాదు, హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్ పేరు), డైరెక్టరీ ఐడీ (గూగుల్ జాబితాలో దాని గుర్తింపు), అడ్మిన్ అంటే నాలాంటి నిర్వాహకులు రాసుకున్న అసెట్ ఐడీ, లొకేషన్ కూడా చదవొచ్చు. కాకపోతే అన్ని సైట్లకూ కాదు. 'డివైస్ ఆట్రిబ్యూట్స్ అలౌడ్ ఫర్ ఆరిజిన్స్' అనే పాలసీలో, అంటే అడ్మిన్ పెట్టే సెట్టింగ్‌లో, ఆ సైట్ అడ్రస్ చేర్చాలి, యాప్‌ని అడ్మిన్ ఫోర్స్ ఇన్‌స్టాల్ చేసి (వాడేవాళ్ళ ప్రమేయం లేకుండా ల్యాప్‌టాప్‌లలో పెట్టి) ఉండాలి. పాలసీ ఖాళీగా ఉంటే ఎవరికీ ఏమీ అందదు. నేను అడ్రస్ చేర్చి ఇన్‌స్టాల్ సంగతి మర్చిపోయాను, ఒక పూటంతా ఎర్రరే వచ్చింది.

అది సరిచేశాక అసలు టెన్షన్ మొదలైంది. కెమెరా కావాలంటే సైట్ మనిషిని అడుగుతుంది, వద్దనొచ్చు. సీరియల్ నంబర్‌కి అలాంటి ప్రశ్నే రాదు. ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్ళందరి తరఫున సరే అంటున్నది నేను. మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే కుకీలైతే చెరిపేసుకోవచ్చు, సీరియల్ నంబర్‌ని ఎవరు చెరపగలరు?

పైగా పాలసీ చూసేది ఆరిజిన్‌ని, అంటే సైట్ అడ్రస్‌లో మొదటి నుంచి డొమైన్ పేరు వరకే. ఆ తర్వాత స్లాష్ పెట్టి వచ్చే పాత్‌ని, అంటే ఏ పేజీ అన్నదాన్ని పట్టించుకోదు. మా రిపేర్ యాప్ ఉన్న డొమైన్ మీదే క్యాంటీన్ ఫీడ్‌బ్యాక్ ఫారం, ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసిన సర్వే పేజీలు కూడా ఉన్నాయి. రిపేర్ యాప్‌కి తలుపు తీస్తే వాటికీ తీసినట్టే. అందుకే యాప్‌ని విడిగా ఒక సబ్‌డొమైన్‌కి (డొమైన్ ముందు ఇంకో పేరు చేర్చిన వేరే అడ్రస్‌కి) మార్చమన్నాను. తయారుచేసినవాళ్ళు "ఇంత చిన్నదానికి ఎందుకండీ" అన్నారు. వారం పట్టినా మార్పించాను.

ఇప్పుడు ఫారం తెరవగానే నంబర్ నిండి ఉంటుంది. మొదటిసారి చూసి ఆవిడే అడిగింది, "దీనికెలా తెలిసిందండీ? ఇంకా ఏమేం తెలుసు?" అని. ఆ ప్రశ్నతో నేను ఆగిపోయాను. ఈ పాలసీలో సీరియల్ నంబర్ ఒక్కటీ ఇచ్చి మిగతావి ఆపే వీలు లేదు. లొకేషన్ గడిలోనేమో మేము కొన్నేళ్ళుగా మనుషుల పేర్లు, వాళ్ళు కూర్చునే సీట్లు రాస్తూ వచ్చాం.

ఆ సాయంత్రమే ఈ సెట్టింగ్‌లన్నీ ఉండే అడ్మిన్ కన్సోల్ తెరిచి పేర్లన్నీ తీసేసి, అంతస్తు నంబర్లు మాత్రం ఉంచడం మొదలుపెట్టాను. ఇంకా నలభై ల్యాప్‌టాప్‌లు మిగిలాయి. అవి పూర్తయ్యేదాకా పాలసీలోంచి ఆ అడ్రస్ తీసేశాను. అంతవరకూ స్టిక్కర్ చూసి టైప్ చేయమని అందరికీ మెయిల్ పెట్టాను.