ఉప్పు గాలి తిన్న రంగు: నా సీ హారియర్

మోడల్ విమానాలు కట్టేవాళ్ళలో ఒక అలవాటు చూస్తుంటాను. కిట్ బాగా అతికిస్తారు, రంగు నున్నగా వేస్తారు, చివర్లో దాన్ని "పాతబరచడం" మొదలుపెట్టి చేయి ఆపరు. రేకులు కలిసే ప్రతి ప్యానెల్ గీతలోనూ నల్ల రంగు, ప్రతి అంచు దగ్గరా వెండి రంగు గీతలు, చక్రాల నుంచి తోక దాకా మసి. నేను ఈ మధ్యే 1/72 స్కేలులో మన నౌకాదళం సీ హారియర్ ఎఫ్‌ఆర్‌ఎస్ 51 పూర్తిచేశాను. విమానవాహక నౌక మీద నిలువుగా దిగగలిగే యుద్ధవిమానం అది. దాని మీద పెట్టిన ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలని మొదటే గట్టిగా అనుకున్నాను. ఆ కారణాల గురించే ఈ పోస్టు.

ఈ పట్టుదల మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన విశాఖ నేవల్ డాక్‌యార్డులో పెయింటరుగా పనిచేసి రిటైర్ అయ్యారు. మల్కాపురంలో మా ఇంటి కిటికీ గ్రిల్లుకి ఏటా రెడ్ ఆక్సైడ్ వేయించేది ఆయనే. ఇంటర్నెట్‌లో ఎవరో చేసిన సీ హారియర్ ఫోటో ఒకటి చూపించాను. రెక్కల నిండా రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయినట్టు చేశారు. నాన్న కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు.

"ఇలాగొగ్గేస్తారేటమ్మా? రంగు లేచిన కాడ ఉప్పు దిగిపోద్ది. రేకు తినేస్తాది. ఓడ మీద బతికేదాన్ని రోజూ మంచినీళ్ళతో కడగాల, లేచిన కాడల్లా టచప్ కొట్టాల. మచ్చలుంటాయి గానీ పెచ్చులుండవు."

మచ్చలుంటాయి, పెచ్చులుండవు. నా మోడల్‌కి ఇంతకంటే మంచి రిఫరెన్స్ దొరకలేదు.

నేను స్కూల్లో కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి నాన్న మాట నాకు ఇంకో వైపు నుంచి కూడా అర్థమైంది. హారియర్‌ని సముద్రం మీదకి తెచ్చేటప్పుడు దాని డిజైనర్లు అన్నిటికంటే ముందు పట్టించుకున్న విషయాల్లో తుప్పు ఒకటి. నేల మీది స్థావరాల నుంచి ఎగిరే హారియర్‌లో మెగ్నీషియం మిశ్రమంతో చేసిన భాగాలుండేవి. ఉప్పు తగిలితే మెగ్నీషియం చాలా త్వరగా కరిగిపోతుంది. అందుకే సీ హారియర్‌లో వాటి బదులు అల్యూమినియం వాడారు. పెగాసస్ ఇంజిన్‌ని కూడా తుప్పుకి తట్టుకునేలా మార్చి 104 అని పేరు పెట్టారు. ఇంత జాగ్రత్తగా కట్టిన విమానాన్ని పాత సామాన్ల కొట్లో పడేసినట్టు రంగు వేయడానికి నాకు మనసొప్పదు.

మన సీ హారియర్లు మొదట 1983 డిసెంబర్‌లో గోవాకి వచ్చాయి. మన విమానవాహక నౌకల్లో ముందు విక్రాంత్ మీద నుంచి, తర్వాత విరాట్ మీద నుంచి ఎగిరాయి. వాటిని నడిపిన దళం 300 స్క్వాడ్రన్, ముద్దుపేరు వైట్ టైగర్స్. 2016 మే 11న గోవాలో వాటికి వీడ్కోలు చెప్పారు. అన్నేళ్ళలో రంగులు మారాయి. తొలి రోజుల్లో పైభాగం, పక్కలు బాగా ముదురు బూడిద రంగు, పొట్ట తెలుపు. తర్వాతి సంవత్సరాల్లో తెలుపు పోయి అంతా బూడిద ఛాయలే మిగిలాయి. నేను ఎంచుకున్నది తొలి రంగులే. తెల్ల పొట్ట మీద ప్రతి చారా కనిపిస్తుంది, దాచుకోవడానికి చోటుండదు. పరీక్ష లాంటి రంగు అది, అందుకే నాకిష్టం.

కిట్ ఎయిర్‌ఫిక్స్‌ది. పూర్తయ్యాక ఇరవై సెంటీమీటర్ల పొడవు, అరచేతికి కాస్త అటూ ఇటూ వెడల్పు రెక్కలు. పెట్టెలో వచ్చిన డెకాల్స్ (నీళ్ళలో తడిపి అతికించే గుర్తులు) బ్రిటిష్ వాళ్ళవి. మన గుండ్రటి గుర్తులు, నేవీ అక్షరాలు, తోక మీద తెల్లపులి విడిగా తెప్పించుకున్నాను. క్షిపణులు కూడా మార్చాలి. బ్రిటిష్ సీ హారియర్లు సైడ్‌వైండర్ మోస్తే, మనవి ఫ్రెంచ్ మాజిక్ మోశాయి. ఇంతకుముందు కట్టిన మిరాజ్ 2000 కిట్‌లో మిగిలిన మాజిక్‌లు స్పేర్ డబ్బాలో ఉన్నాయి. ముక్కు దగ్గర ఒకదాని వెనక ఒకటిగా రెండు వరసల చిన్న రెక్కలుంటే అది మాజిక్. అవి పెట్టగానే విమానం మనదైపోయినట్టు అనిపించింది.

అతికించడంలో నేను ఎక్కువసేపు గడిపింది గాలి తీసుకునే ఇన్‌టేక్‌ల దగ్గర. హారియర్‌కి వాటి చుట్టూ చిన్న చిన్న తలుపులుంటాయి. నేల మీద, నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఇంజిన్‌కి ఇంకా గాలి కావాలి కాబట్టి ఆ పీల్పుకే అవి లోపలికి తెరుచుకుంటాయి. ఇంజిన్ ఆపి నిలబెట్టినప్పుడు పైన ఉన్నవి బరువుకి లోపలికి వేలాడతాయి, కింద ఉన్నవి మూసుకుపోతాయి. ఆగి ఉన్న విమానానికి అన్ని తలుపులూ మూసేసినా, అన్నీ తెరిచేసినా చూసేవాళ్ళకి తేడా తెలుస్తుంది. లోపలి గొట్టంలో అతుకు గీత కనపడకుండా పుట్టీ పెట్టి, చాప్‌స్టిక్ చివర చుట్టిన వాటర్ పేపర్‌తో రుద్దాను. అక్కడిదాకా వేలు పోదు.

చక్రాల విషయంలో హారియర్ అన్ని విమానాల్లాంటిది కాదు. ముందొకటి, మధ్యలో జంట చక్రం, రెక్కల చివర్ల దగ్గర ఊతకర్రల్లాంటి రెండు సన్నటి కాళ్ళు. నాలుగు చోట్లా నేల తగలాలి. ముందు, మధ్య కాళ్ళు అతికించి పూర్తిగా ఆరాక, విమానాన్ని అద్దం పలక మీద నిలబెట్టి, రెక్కల దగ్గరివి ఆఖర్న పెట్టాను. జిగురు మెత్తగా ఉన్నప్పుడే వాటి పాదాలు అద్దానికి ఆనాయా లేదా చూసుకుంటే సరిపోతుంది.

ఇక రంగు. ముదురు బూడిదకి బ్రిటిష్ ప్రమాణంలో 640 నంబరు. హంబ్రోల్‌లో 123, గుంజేలో హెచ్ 333; రెండూ మోడల్ రంగుల కంపెనీలు. నేను గుంజే వాడాను. విశాఖలో ఎయిర్‌బ్రష్ పట్టేవాళ్ళకి రంగు కంటే పెద్ద టెన్షన్ గాలిలో తేమ. ఆగస్టు, సెప్టెంబర్లలో కంప్రెసర్ నడిపితే తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ చూస్తుండగానే నిండుతుంది. ఆ నెలల్లో లాకర్ రంగు కొడితే ఆరేలోపు పాలపొర లాంటి తెల్లదనం వస్తుంది. అందుకని పైపూతలన్నీ చలికాలానికి వాయిదా వేసుకుంటాను. డిసెంబర్‌లో ఎండ బాగా ఎక్కాక, గాలి పొడిగా ఉన్న రోజు చూసి తెలుపు వేశాను. తెలుపు ఒకేసారి కప్పాలని చూస్తే చారలు కట్టి, గీతలన్నీ పూడిపోతాయి. లేత బూడిద ప్రైమర్ మీద పల్చగా, మధ్యమధ్యలో ఆరనిస్తూ వెయ్యాలి.

ముదురు రంగు ఆరాకే నాన్న చెప్పిన టచప్ పని మొదలైంది. అదే బూడిదలో ఒక చుక్క తెలుపు కలిపి ఒక ఛాయ, ఒక చుక్క నీలం కలిపి ఇంకో ఛాయ సిద్ధం చేసుకున్నాను. కాగితానికి వంకరటింకరగా చిన్న కంతలు కోసి, విమానానికి కాస్త ఎడంగా పట్టుకుని, ఆ కంతల్లోంచి పల్చగా కొట్టాను. ఎక్కువ చేతులు తగిలే చోట, తలుపుల అంచుల దగ్గర, అడుగులు పడే చోట మాత్రమే. దగ్గరగా చూస్తే అతుకులు, దూరంగా చూస్తే ఒకే రంగు. ఆ తర్వాత ఎండకి వెలిసిన పైభాగం కోసం ఉప్పు పద్ధతి: నీళ్ళతో తడిపి, దొడ్డు ఉప్పు నలిపి అక్కడక్కడా చల్లి, ఆరాక లేత ఛాయ దాదాపు నీళ్ళలా పల్చన చేసి కొట్టి, ఉప్పు దులిపేయడం. సముద్రపు విమానానికి సముద్రపు ఉప్పుతోనే రంగు వెలిసేలా చెయ్యడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఉప్పు పూర్తిగా కడిగెయ్యాలి, లేకపోతే వార్నిష్ కింద తెల్లగా పూస్తుంది.

మెరిసే వార్నిష్ పూత, డెకాల్స్, మళ్ళీ మెరిసే పూత. డెకాల్ మెత్తబరిచే ద్రవం పూసి కదపకుండా ఒగ్గెయ్యడం తప్ప వీటిలో చెప్పడానికేమీ లేదు.

నిజంగా ఆలోచించాల్సింది ఇంజిన్ గాలిని బయటికి చిమ్మే నాజిల్స్ దగ్గర. హారియర్‌కి పక్కకి రెండేసి చొప్పున నాలుగు నాజిల్స్. నాలుగింటినీ ఒకేలా నల్లగా చేసిన మోడల్స్ బోలెడు కనిపిస్తాయి. ముందు రెండింట్లోంచి వచ్చేది ఫ్యాన్ నెట్టిన గాలి. అందులో మంటలేదు, పొగలేదు. మండిన వాయువు బయటికొచ్చేది వెనక రెండింట్లోంచే. అందుకే వాటి వెనకే ఒంటికి వేడిని తట్టుకునే లోహపు పలకలు బిగించి ఉంటాయి. ముందు నాజిల్స్‌ని మామూలు దుమ్ముతో వదిలేశాను. వెనకవాటికి ఉక్కు రంగు వేసి, దాని మీద బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగు టర్పెంటైన్‌లో పల్చగా, అంచుల్లో నీలం ఛాయ ఇంకా పల్చగా. అక్కణ్ణించి తోక వైపు, రెక్క కిందగా, ముదురు గోధుమ రంగు పొర. నలుపు కాదు. నలుపు వేస్తే కాలిన విమానంలా ఉంటుంది.

పొట్ట కింద మురికికి ఇంకో కారణం ఉంది. హారియర్ నిలువుగా దిగేటప్పుడు నాలుగు నాజిల్స్ గాలీ డెక్‌ని కొట్టి, మధ్యలో కలిసి ఫౌంటెన్‌లా పైకి లేచి పొట్టనే తాకుతుంది. పొట్ట కింద తుపాకులుండే గన్ పాడ్‌లు ఆ గాలిని రెండు పక్కలా పట్టి ఉంచుతాయి, దాంతో విమానానికి కాస్త అదనపు ఊతం దొరుకుతుంది. అంటే డెక్ మీది దుమ్ము, నూనె తుంపరలు ఎక్కువగా చేరేది ఆ రెండు పాడ్‌ల మధ్యే. నా మోడల్‌లో తెలుపు బాగా మాసింది అక్కడే. రెక్కల కింద శుభ్రంగా ఉంది. డ్రెయిన్ కంతల నుంచి వెనక్కి పోయే నూనె చారలు మాత్రం సన్న బ్రష్‌తో గీసి, పొడిబారిన వెడల్పు బ్రష్‌తో గాలి వీచే దిక్కుకి లాగాను.

పైన గీతలకి ముదురు వాష్ (గీతల్లోకి పారే పల్చటి రంగు) వేసింది ఒక్క చోటే: రెక్క, ఒళ్ళు కలిసే చోట. పెగాసస్ ఇంజిన్ దించాలంటే రెక్క మొత్తం ఒక్క ముక్కగా విప్పి పైకెత్తాలి. మెకానిక్‌ల చేతులు, రెంచీలు అన్నిసార్లు తగిలిన అతుకు విమానంలో ఇంకోటి ఉండదు. మిగతా గీతలన్నిటికీ ఆ రంగు కంటే ఒక్క ఛాయ మాత్రమే ముదురు. తెల్ల పొట్ట మీద లేత బూడిద వాష్. తెలుపు మీద నల్ల గీతలు పెడితే లెక్కల పుస్తకంలా తయారవుతుంది, నాకు అస్సలు నచ్చదు.

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పాత నేవీ విమానాన్ని మ్యూజియంగా పెట్టారు కదా. సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడు దాని కింద నిలబడి పొట్ట వైపు చూడండి. వాన నీళ్ళు ఏ అంచు నుంచి జారాయో, ఎక్కడ మరక కట్టిందో అంతా అక్కడే కనిపిస్తుంది. నేను ఫోన్‌లో తీసుకున్న ఫోటోల్లో సగం ఆ మరకలవే. ఇది ఎగరడం మానేసి నిలబడిపోయిన విమానం కాబట్టి దీని మరకలు కిందికి జారతాయి. ఎగిరే విమానానివి వెనక్కి సాగుతాయి. అది గుర్తుపెట్టుకుని చూడాలి.

ఆఖర్న సెమీ మ్యాట్ వార్నిష్ కొట్టి, కాక్‌పిట్ అద్దం అతికించాను. నాన్నకి చూపిస్తే పొట్టంతా వెలుగులో తిప్పి తిప్పి చూసి, టచప్ మచ్చల్లో ఒకదాని మీద గోరు పెట్టి, "ఇది నిన్నగాక మొన్న కొట్టినట్టుంది, దీన్ని కూడా కొంచెం వెలిసినట్టు చేసీ" అన్నారు. ఆయన చెప్పిన మచ్చ మీద రేపు ఒక పల్చటి పొర వేస్తాను. తర్వాత సిలికా జెల్ పొట్లాలతో అక్రిలిక్ పెట్టెలోకి వెళ్తుంది. టేబుల్ మీదకి రావాల్సింది ఇప్పుడు సీ కింగ్ హెలికాప్టర్, దాని ఎగ్జాస్ట్ మసి ఎటు పోతుందో ఫోటోలు వెతుకుతున్నాను.