ముందు నీళ్ల సంగతి

గురువారం రాత్రి, అవిన్యోన్

కాళ్లు లాగేస్తున్నాయి, బూట్ల నిండా ఎర్రమట్టి. అయినా ఇవన్నీ ఈ రాత్రే రాసి పెట్టుకోవాలి. రేపటికి ఊళ్ల పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

దక్షిణ ఫ్రాన్స్‌లోని లూబెరోన్ ప్రాంతంలో కొండల మీది పాత ఊళ్లు చూడటానికి పొద్దున్నే చిన్న వ్యానులో బయల్దేరాం. నడిపే ఆయనే గైడు. అక్క, నేను, ఒక వయసు మళ్లిన జంట, తల్లీకూతుళ్లు, ఒంటరిగా వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. అంతే. మనుషులు తక్కువగా ఉంటే ఎవరికి తోచిన ప్రశ్న వాళ్లు అడగవచ్చు, జవాబు పూర్తయ్యేదాకా అందరూ ఓపిగ్గా ఆగుతారు. ఈరోజు బాగా గడవడానికి సగం కారణం అదే.

మొదటి మజిలీ గోర్డ్. ఊరింకా రాకముందే రోడ్డు మలుపులో ఆపారు. లోయకు అవతల కొండ, దాని ఒంటినిండా ఇళ్లు, నెత్తిన కోట, పక్కనే చర్చి. కొండదీ ఇళ్లదీ ఒకటే రాయి కావడంతో కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. అందరం ఫోటోలు తీసుకుంటుంటే అక్క గైడు దగ్గరికి వెళ్లి, "ఇంత ఎత్తున ఉన్నవాళ్లకు నీళ్లు ఎక్కడివండీ?" అని అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కోట ఎవరు కట్టారని అడిగేవాళ్లే తప్ప నీళ్ల గురించి అడిగేవాళ్లు అరుదట.

ఆయన చెప్పింది విని నేను ఫోను లోపల పెట్టేశాను. ఇదంతా సున్నపురాయి నేల. వాన పడితే పైన నిలవదు, పగుళ్లలోంచి లోపలికి దిగిపోతుంది. ఈ వాక్లూజ్ పీఠభూమి మీద కురిసిన వాన నేల కింద ఎక్కడెక్కడో తిరిగి, గోర్డ్‌కు దగ్గర్లోనే ఫోంతెన్ ద వాక్లూజ్ అనే ఊరి దగ్గర ఒక్క ఊటగా పైకి ఉబుకుతుంది. ఫ్రాన్స్‌లోకెల్లా పెద్ద ఊట అదే. 1985లో అందులోకి ఒక యంత్రాన్ని దింపితే అడుగు 300 మీటర్ల కిందికి ఉందని తేలింది. అంటే కొండ కడుపులో అంత నీరు పారుతూ ఉంటే, కొండ మీద కాపురం చేసేవాళ్లు మాత్రం ఆకాశం వైపు చూడాలి.

అందుకని వాళ్లు రాతిని తొలిచారు. గోర్డ్ ఇళ్ల కింద ఇంకో ఊరు ఉంది: నేలమాళిగలు, నూనె గానుగలు, వాననీటి తొట్లు. సెయింట్ ఫిర్మిన్ భవనం కింద ఉన్న మాళిగల్లోకి దిగాం. బయటి ఎండ నుంచి మెట్లు దిగుతుంటే చలి చీలమండల దగ్గర మొదలై పైకి పాకింది. ఒక మూల తొట్టి. గోడ మీద చెయ్యి వేసి చూశాను. పైభాగమంతా గరుకు రాయి, నీళ్లు నిలిచే మేర మాత్రం నున్నటి గార. ఆ గార అంచు ఒక గీతలా గోడ చుట్టూ తిరిగింది. అక్కడిదాకా నీళ్లుంటే ఆ ఏడాది గట్టెక్కినట్టే అనుకుని ఉంటారు. ఒంటి దీపం వెలుగులో ఆ గీతను చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. 1525లో తిరిగి కట్టిన పైనున్న కోట కన్నా నాకు ఆ గీతే ఎక్కువ చెప్పింది.

ఊరి దిగువన బట్టలు ఉతుక్కునే పాత రాతి తొట్టి ఉంది. అక్కడి నుంచి తడిబట్టల బుట్టతో ఈ రాళ్లు పరిచిన సందుల్లో పైకి ఎక్కిన ఆడవాళ్లను తలచుకుంటే ఆయాసం వచ్చింది. ఇరుకు సందులు, అరిగి నున్నబడ్డ రాళ్లు, వాటి మధ్య వాననీరు జారే వాలు. ఉట్టి చేతులతో ఎక్కుతున్న మేమే గోడలు పట్టుకున్నాం.

గోర్డ్ గురించి మరో రెండు మాటలు. 1940లో చిత్రకారుడు మార్క్ షగాల్ ఇక్కడ ఇల్లు తీసుకుని తలదాచుకున్నాడు. మరుసటి ఏడు అమెరికా వెళ్లిపోయాడు. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం ప్రతీకారంగా ఊళ్లో మనుషులను చంపి, కొన్ని ఇళ్లను నేలమట్టం చేసింది. ఇప్పుడు పోస్టుకార్డులా కనిపించే ఊరు కొంతవరకు యుద్ధం తర్వాత మళ్లీ నిలబెట్టుకున్నదే. ఈ సంగతి ఆ మలుపు దగ్గర ఫోటో తీసుకునే ప్రతివాళ్లకూ తెలియాలని గట్టిగా అనిపించింది.

అక్కడి నుంచి సెనాంక్ మఠం. లావెండర్ పూతకొచ్చిన రోజులు కాబట్టి జనమంతా పొలం గట్టునే ఉన్నారు. నాకైతే లోపలి చర్చి నచ్చింది. 1148లో సిస్టెర్షియన్ సన్యాసులు స్థాపించిన మఠం ఇది. బొమ్మలు లేవు, రంగులు లేవు, రాయీ వెలుతురూ అంతే. ఆనవాయితీ ప్రకారం చర్చి తూర్పుకు ముఖం పెట్టి ఉండాలి. లోయ మరీ ఇరుకు కావడంతో ఉత్తరానికి తిప్పి కట్టారు. నియమాలకు ప్రాణమిచ్చే సన్యాసులు కూడా నేల చెప్పినట్టు విన్నారంటే ముచ్చటేసింది. లావెండర్ గురించి గైడు ఒక గుర్తు చెప్పారు: కాడకు ఒకే వెన్ను ఉంటే అసలు లావెండర్, కాడ చీలి పక్క వెన్నులు కూడా వేస్తే లావండిన్ అనే సంకరజాతి. దిగువ పొలాల్లో ఎక్కువగా పండేది రెండోదే. ఆ తర్వాత రోడ్డు పక్కన ఆగిన చోటల్లా ఆ చిన్న అమ్మాయి పరుగెత్తుకెళ్లి కాడలు వంచి చూసి వచ్చేది.

మధ్యాహ్నానికి రూసియోన్. ఇక్కడి కొండ జేగురుమట్టి కొండ. ఇళ్ల గోడలు పసుపు, నారింజ, ఇటుకరంగు, ముదురు ఎరుపు, ఏ రెండూ సరిగ్గా ఒకే రంగులో లేవు. పూర్వం ఒక ప్రభువు భార్య కొండ మీది నుంచి దూకితే ఆమె నెత్తురుతో మట్టి ఎర్రబడిందని ఒక కథ చెబుతారు. నాకు మాత్రం అసలు జరిగిందే అంతకన్నా గొప్పగా తోచింది. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న ఆకుపచ్చ ఇసుక, సముద్రం వెనక్కి పోయాక ఎండకూ వానకూ పాడై, అందులోని ఇనుము తుప్పురంగుల్లోకి మారింది. ఆ ఇనుము ఒక రూపంలో పసుపు, మరో రూపంలో ఎరుపు.

పాత గనుల మధ్య వేసిన కాలిబాటలో నడిచాం. తెల్లబట్టలు వద్దని గైడు ముందే చెప్పడం మంచిదైంది. గోడల్లా నిలువుగా తెగిన కొండచరియల మీద గునపం దెబ్బల గుర్తులు పట్టి చూస్తే కనిపిస్తాయి. 18వ శతాబ్దం చివర ఈ ఊరివాడే జాన్ ఎటియెన్ ఆస్తియే ఈ మట్టిని రంగుగా అమ్మవచ్చని పూనుకున్నాడట. తవ్విన మట్టిలో అధికభాగం ఇసుకే. నీళ్లతో కడిగితే బరువైన ఇసుక ముందు కిందికి దిగుతుంది, సన్నని రంగుమట్టి నీళ్లతో పాటు పారి తొట్లలోకి చేరుతుంది. అది నెమ్మదిగా అడుక్కి దిగాక పైనీరు తీసేసి, ఎండబెట్టి, ఇటుకల్లా కోసేవారు. ఎరుపు కావాలంటే పసుపు మట్టిని బట్టీలో కాల్చేవారు. "చూశావా, దీనికీ నీళ్లే" అంది అక్క. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో గెలుపు వినిపించింది.

1942లో పారిస్ నుంచి తప్పించుకుని వచ్చిన రచయిత శామ్యూల్ బెకెట్ జర్మన్లు వెళ్లిపోయేదాకా ఈ ఊళ్లోనే ఉన్నాడు, రైతుల దగ్గర పొలం పనులు చేశాడు. 1969లో నోబెల్ అందుకున్న మనిషి ఈ ఎర్రటి సందుల్లో బంగాళాదుంపలు మోసుకుంటూ నడిచి ఉంటాడని ఉపాధ్యాయుడు ఎంతో ఆరాధనతో అన్నారు. ఆయన ఈ ప్రయాణానికి వచ్చిందే అందుకట.

దారిలో జూలియన్ వంతెన దగ్గర కాసేపు దిగాం. రోమన్లు క్రీ.పూ. 3లో కట్టిన మూడు కమానుల వంతెన. కమానుల మధ్య స్తంభాల్లో పెద్ద కంతలు విడిచారు, వరదొస్తే నీళ్లు వాటిలోంచి కూడా పోవాలని. 2005 దాకా దీని మీద కార్లు నడిచాయి. ఇప్పుడు పక్కన కొత్త వంతెన వచ్చింది, పాతదాని మీద నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లే. కింద కాలవోన్ నదిలో ఈ ఎండలకు నీళ్లు నామమాత్రం. ఈ సన్నని ధారకు ఇంత వంతెనా అనుకుంటాం. ఆ కంతలు చూస్తే కట్టినవాళ్లు నదిని వానాకాలంలో చూశారని అర్థమవుతుంది.

బోనియోలో రెండు చర్చిలు. పాతది కొండ కొనన, 12వ శతాబ్దంలో మొదలైనది. కొత్తది ఊరి దిగువన, 1870 నాటిది. జనం కిందికి జరిగారు, చర్చి కూడా జరిగింది. అక్కకు మోకాలు సహకరించలేదు. "నువ్వెళ్లి చూసిరా, నేను కొత్త చర్చి దగ్గర కూర్చుంటాను. నాలాంటివాళ్ల కోసమే కదా దాన్ని కట్టింది" అంది. నేను మెట్లెక్కాను. పైన పెద్ద దేవదారు చెట్లు, వాటి నీడలో గాలి. ఎదురుగా లోయకు అవతల లాకోస్త్ అనే ఊరు, దూరంగా వాంతూ పర్వతం, దాని కొనన మంచులా కనిపించే తెల్లటి రాళ్లు.

బోనియో 1791 దాకా పోపుల ఏలుబడిలో ఉన్న నేల. లాకోస్త్ ఫ్రాన్స్ రాజు ఏలే ప్రొవాన్స్‌ది, అక్కడ వోద్వాలు అనే సంస్కరణవాద క్రైస్తవులు ఉండేవారు. మధ్యన ఒక్క లోయ. 1545 ఏప్రిల్‌లో వోద్వాల ఊళ్ల మీద పడి ఊచకోత కోసిన సైన్యం లాకోస్త్‌నూ వదల్లేదు. గడప దాటితే కనిపించే ఊరు తగలబడుతుంటే బోనియో వాళ్లు ఇదే గట్టు మీద నిలబడి చూసి ఉండాలి. ఇంత అందమైన చోట ఆ ఊహ భరించడం కష్టమైంది. లాకోస్త్‌లో ఇప్పుడు 18వ శతాబ్దపు రచయిత సాద్ ప్రభువు కోట శిథిలాలున్నాయి. 2001లో ఫ్యాషన్ డిజైనర్ పియర్ కార్దాన్ దాన్ని కొన్నాడు. మేము ఆగలేదు, మెనెర్బ్‌లోనూ ఆగలేదు. ఒక్కరోజుకు అన్నీ పెట్టుకోకపోవడమే నయం.

చివరిది ఓపెద్ లె వియో. నాకు అన్నింటికన్నా మనసుకు పట్టింది ఇదే. ఆ 1545 దాడిని నడిపించిన జాన్ మేనియే ఓపెద్ ప్రభువే, అతని కోట ఇక్కడ కొండ మీద కూలి ఉంది. వ్యాను కిందే ఆగిపోతుంది, తోట మధ్యగా నడవాలి. పాత ద్వారం దాటాక ఇళ్లకు గోడలున్నాయి, పైకప్పుల్లేవు. ఒక ఇంట్లో పైఅంతస్తు పొయ్యి గూడు గోడకే వేలాడుతోంది, కింద నేల లేదు. ఊరు కొండకు ఉత్తరం వైపు వాలులో ఉంది, చలికాలంలో ఎండ సరిగా పడదు. కింద మైదానంలో ఎండ, బావులు, పొలాలు, దారులు. దోపిడీ ముఠాల భయం ఉన్నన్నాళ్లు జనం చలినీ తేమనీ ఓర్చుకుని పైన ఉన్నారు. ఆ భయం పోయాక ఇంకెందుకుంటారు? 20వ శతాబ్దం తొలినాళ్లకు ఊరు దాదాపు ఖాళీ అయింది. తర్వాత యుద్ధకాలంలో కొందరు కళాకారులు వచ్చి చేరారు. ఇప్పుడు బాగుచేసుకున్న కొన్ని ఇళ్లలో మనుషులున్నారు, కిటికీల్లో పూలకుండీలున్నాయి.

అక్క మోకాలు పట్టుకుంటూనే ఇక్కడ చర్చి దాకా ఎక్కింది. పాడుబడిన ఊరంటే బెంగగా ఉంటుందనుకున్నాను. ఆమె మాత్రం, "వెళ్లిపోయి మంచి పని చేశారు. ఆ పిల్లలు ఎండలో పెరిగి ఉంటారు" అంది. నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను. ఊరు చచ్చిపోయిందని మనం జాలిపడతాం. ఊరు చావలేదు, కిందికి దిగి బతికింది. పైన మిగిలింది వాళ్లకిక అక్కర్లేని భయం.

తిరుగు ప్రయాణంలో ఎవరు ఏ ఊళ్లో ఉండాలనుకుంటారో చెప్పమని చిన్న అమ్మాయి అందరినీ అడిగింది. పెద్ద జంట గోర్డ్ అన్నారు, ఉపాధ్యాయుడు రూసియోన్, అక్క ఏ కొండా ఎక్కనవసరం లేని మైదానం. నేను బోనియో చెప్పాను, దిగువ వీధుల్లో.

అక్కా నేనూ మరోసారి వస్తే ఇన్ని ఊళ్లు పెట్టుకోము. చలిగాలి మిస్ట్రాల్ వీచే రోజుల్లో వచ్చి బోనియోలోనే బస చేస్తాం. మార్సెయిల్లో ప్లేగు వ్యాపించాక 1721లో ఈ ప్రాంతానికి అడ్డంగా రాళ్లతో కట్టిన ప్లేగు గోడ ఇంకా అక్కడక్కడా నిలిచి ఉందట, దాని వెంబడి నడవాలి. గైడు దారి కాగితం మీద గీసి ఇచ్చారు. అక్క దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుంది.