పొలాల పేర్లున్న పిల్లలు

శనివారం, రాత్రి

రేపు మా చిన్నవాడి పుట్టినరోజు. సాయంత్రమంతా వంటింటి బల్ల మీద కాగితం సంచులు పరుచుకుని, వాడి క్లాసు పిల్లల పేర్లు రాస్తూ కూర్చున్నాను. ఒక్కో సంచిలో సబ్బుబుడగల సీసా, రెండు చాక్లెట్లు, ఒక రబ్బరు. బ్రాడ్లీ, ఆష్టన్, స్టాన్లీ, క్లేటన్, ప్రెస్టన్. ప్రెస్టన్ దగ్గర పెన్ను ఆగింది. ఇక్కడ ఇంగ్లండులో ఆ పేరున్న ఊరికి నేను రైలెక్కి వెళ్లివచ్చాను కూడా!

"ఏమండీ, ఇవన్నీ ఊళ్ల పేర్లే కదా" అన్నాను. మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మన పిల్లలకు దేవుళ్ల పేర్లు, వీళ్లకు పొలాల పేర్లు" అని తేల్చేశారు.

వెటకారమే అయినా అందులో నిజం లేకపోలేదు. పేరు చివర 'లీ' ఉంటే, పాత ఇంగ్లీషులో అది అడవి మధ్య చెట్లు లేని చోటు. 'టన్' అయితే కమతమో, పల్లెటూరో. బ్రాడ్లీ వెడల్పాటి మైదానం, స్టాన్లీ రాళ్ల నేల, క్లేటన్ బంకమట్టి పల్లె, ప్రెస్టన్ పాదిరీల పల్లె. వెయ్యేళ్ల కిందట నేలను చూసి ఏ రైతో అన్న మాటలు రేపు మా ఇంటికి కేకు తినడానికి వస్తున్నాయి.

ఊళ్లో ఉన్నంతకాలం ఊరి పేరు మనిషికి అంటుకోదు. బ్రాడ్లీలో అందరూ బ్రాడ్లీవాళ్లే. ఊరు విడిచి ఇంకోచోట స్థిరపడినవాడినే ఆ పేరుతో గుర్తుపడతారు. మన కందుకూరి, టంగుటూరి లాంటి ఇంటిపేర్ల సంగతీ ఇంతే. కాకపోతే మనం వాటిని ఇంటిపేర్లుగానే ఉంచాం. "ఒరే కందుకూరీ, అన్నానికి రారా" అని కొడుకును కేకేసిన తల్లి నాకు తెలిసి లేదు.

ఇంగ్లండులో మాత్రం ఇంటిపేరు పిల్లవాడి సొంత పేరైపోయింది. 1605లోనే విలియం క్యామ్డెన్ అనే చరిత్రకారుడు ఇది కొత్తగా వచ్చిన అలవాటనీ, మరే క్రైస్తవ దేశంలోనూ లేదనీ రాశాడు. మొదట్లో ఇది ఎక్కువగా కలిగినవాళ్ల ముచ్చట. తల్లి పుట్టింటి పేరు ఆమెతోనే ఆగిపోకుండా కొడుక్కు పెట్టుకునేవారు. 1620లో పుట్టిన మొదటి విన్‌స్టన్ చర్చిల్‌కు ఆ పేరు తల్లి సారా విన్‌స్టన్ పుట్టింటి నుంచే వచ్చింది. ఆవిడ ఇంటిపేరు మూడు వందల ఏళ్లు దాటి ప్రధానమంత్రి దాకా నడిచింది. మా అమ్మ పుట్టింటి పేరేమో శుభలేఖలో అచ్చయి, అక్కడితో సరి.

తరవాత గొప్పవాళ్ల మీది అభిమానం తోడైంది. ఈశాన్య ఇంగ్లండులోని వాషింగ్టన్ అనే ఊరు ఒక వంశానికి ఇంటిపేరైంది, ఆ వంశంలోని జార్జి అమెరికాను గెలిపించాడు. 1783లో న్యూయార్కులో ఇర్వింగ్ అనే ఇంటిపేరుతో పుట్టిన పసివాడికి అదే సొంత పేరైంది; రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ అతనే. షిర్లీ కథ ఇంకా చిత్రం. అది మగపిల్లల పేరు. 1849లో షార్లెట్ బ్రాంటీ తన నవలలో నాయికకు ఆ పేరు పెట్టింది. కొడుకు పుడతాడని ఆశపడిన తల్లిదండ్రులు అతని కోసం అనుకున్న పేరే కూతురికి పెట్టారని అందులో కథ. ఆ తరవాత షిర్లీ ఆడపిల్లల సొత్తయింది.

క్రికెట్ ఊసు లేకుండా మా ఆయనకు ఏ విషయమూ పూర్తి కాదు. "మరి ఎవర్టన్ వీక్స్?" అన్నారు. బార్బడోస్‌లో 1925లో పుట్టిన ఆ మహా బ్యాట్స్‌మన్‌కు, వాళ్ల నాన్న లివర్‌పూల్‌లోని ఫుట్‌బాల్ జట్టు పేరు పెట్టాడు. ఆ జట్టుకు ఆ పేరు అక్కడి ఎవర్టన్ అనే పేట నుంచి వచ్చింది. పేట పేరుకు అర్థం అడవిపందుల పల్లె.

"సరే, మీ తాతగారి పేరేమిటి?" అన్నాను. ఫోను పక్కన పెట్టారు. "సింహాచలం." వాళ్ల అన్నగారు అన్నవరం. మొక్కుకుని కన్న పిల్లలు. యాదగిరి, శ్రీశైలం, భద్రాచలం... దేవుడి మీదుగా వచ్చినా ఇవీ ఊళ్ల పేర్లే.

సంచుల్లో చాక్లెట్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ తింటున్న మావాడు, "సింహాచలంలో సింహాలుంటాయా?" అన్నాడు. లేవు, కొండ మీద వరాహ నరసింహస్వామి ఉన్నాడని చెప్పాను. వరాహమంటే అడవిపంది అని వాళ్ల నాన్న అందించారు.

"అయితే ముత్తాత కూడా ఎవర్టనే" అన్నాడు వాడు, నోట్లో చాక్లెట్టుతో. వాళ్ల నాన్న కాదనలేకపోయారు.